చాలీచాలని నీరు – పంపకంలో న్యాయం

మనుషుల అవసరాలకు అంతు లేదు, వాటిని తీర్చే సాధనాలకు మాత్రం పరిమితి ఉంది. పైగా ఒక సాధనాన్ని ఒక పనికి వాడేస్తే అది మరో పనికి మిగలదు. ఈ పరిస్థితినే ఆర్థికశాస్త్రం ‘కొరత’ అని పిలుస్తుంది. కరువు వచ్చినప్పుడు కనబడే లేమి మాత్రమే కొరత అనిపించుకోదు; పుష్కలంగా వానలు కురిసిన ఏడు కూడా, ఉన్న నీటికంటే దాన్ని కోరే పొలాలూ పట్టణాలూ కర్మాగారాలూ ఎక్కువగా ఉంటే అక్కడ కొరత ఉన్నట్టే లెక్క. లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ ఆచార్యుడు లయొనెల్ రాబిన్స్ 1932లో ప్రచురించిన గ్రంథంలో, పలు విధాలుగా ఉపయోగపడే పరిమిత సాధనాలకూ మనుషుల లక్ష్యాలకూ మధ్య సంబంధాన్ని పరిశీలించే శాస్త్రమే అర్థశాస్త్రమని నిర్వచించినప్పటి నుంచి, ఈ కొరత అన్న భావన ఆ శాస్త్రానికి పునాదిగా నిలిచింది.

అయితే కొరతను గుర్తించినంత మాత్రాన పంపకం తేలిపోదు. వనరు ఎంత ఉందో కొలత చెబుతుంది గాని, అది ఎవరికి దక్కాలో, ఎవరికి దక్కకపోయినా ఫరవాలేదో చెప్పదు. ఆ సంగతిని నిర్ణయించేది ఆయా సమాజాలు ఏర్పరచుకొన్న నియమాలే. ధర చెల్లించగలిగినవారికి ఇవ్వడం ఒక నియమం, ప్రభుత్వం ఆజ్ఞాపించినవారికి ఇవ్వడం మరొకటి, ముందు నుంచి వాడుకొంటున్నవారికి ఇవ్వడం ఇంకొకటి, అందరూ కూర్చొని వంతులు వేసుకోవడం వేరొకటి. ఏ నియమమూ లేకుండా ఎవరి బలం కొద్దీ వారు తీసుకోవడం కూడా, పేరు లేకపోయినా, ఒక పద్ధతిగానే నడుస్తుంది. ఈ పద్ధతులు దేనికవి ఎలా పనిచేస్తాయో, ఎవరిని కాపాడి ఎవరిని వదిలేస్తాయో తెలుసుకోవడానికి తెలుగు ప్రాంతాలకు బాగా తెలిసిన వనరు నీరే, అందులోనూ కృష్ణా జలాలే, తగిన ఉదాహరణ.

ముందుగా పరిమాణం సంగతి. నదీ జలాలను టీఎంసీల్లో లెక్కిస్తారు. ఒక టీఎంసీ అంటే 100 కోట్ల ఘనపుటడుగులు, అంటే సుమారు 2,830 కోట్ల లీటర్లు. సాగునీటి ఇంజనీర్ల వాడుక లెక్క ప్రకారం ఒక టీఎంసీ నీటితో ఉజ్జాయింపుగా 6 వేల ఎకరాల వరి పండుతుంది. అదే నీటిని మొక్కజొన్న, వేరుశనగ వంటి ఆరుతడి పైర్లకు ఇస్తే దాదాపు 10 వేల ఎకరాలు తడుస్తాయి. మనిషికి రోజుకు 135 లీటర్ల చొప్పున నగరానికి మళ్లిస్తే, దారిలో పోయే నష్టాలను పక్కన పెడితే, సుమారు 5 లక్షల 70 వేల మందికి ఏడాది పొడవునా సరిపోతుంది. ఈ మూడింటిలో ఒకదాన్ని ఎంచుకొన్నప్పుడు చేజారిపోయే తక్కిన వాటిలో మేలైనదాని విలువను ‘అవకాశ వ్యయం’ అంటారు. వరికి ఇచ్చిన నీటి ఖరీదు కాలువ తవ్వకపు ఖర్చులోనో మోటారు కరెంటు బిల్లులోనో పూర్తిగా కనబడదు. ఆ నీరు అందక బీడుపడిన ఆరుతడి పొలమూ, బిందెలతో ఎదురుచూసిన వీధీ ఆ ఖరీదులో భాగమే. లెక్కపత్రాల్లో ఎక్కడా నమోదు కాని ఈ ఖరీదును కళ్లముందు పెట్టడమే అర్థశాస్త్రం సమాజానికి చేయగలిగిన మొదటి సేవ.

కృష్ణా నది మహారాష్ట్రలోని మహాబలేశ్వరం దగ్గర పుట్టి, కర్ణాటక, తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రాష్ట్రాల మీదుగా బంగాళాఖాతంలో కలుస్తుంది. దీని నీటిని అప్పటి మూడు రాష్ట్రాలైన మహారాష్ట్ర, కర్ణాటక, ఆంధ్రప్రదేశ్‌ల మధ్య పంచడానికి కేంద్రం 1969లో జస్టిస్ ఆర్. ఎస్. బచావత్ అధ్యక్షతన ట్రిబ్యునల్‌ను నియమించింది. ట్రిబ్యునల్ 1973లో నివేదిక ఇచ్చి, 1976లో తుది నిర్ణయాన్ని వెలువరించింది. నదిలో నీరు ఏటికేడు మారుతుంది కనుక, ఏ పరిమాణాన్ని పంచాలన్నది దాని ముందున్న మొదటి ప్రశ్న. నూరేళ్లలో 75 ఏళ్లు కచ్చితంగా దొరుకుతుందని నమ్మదగిన పరిమాణాన్ని ‘75 శాతం విశ్వసనీయత’ అంటారు. ఆ లెక్కన తేలిన 2,060 టీఎంసీలలో మహారాష్ట్రకు 560, కర్ణాటకకు 700, ఆంధ్రప్రదేశ్‌కు 800 టీఎంసీల చొప్పున కేటాయించి, పొలాలకు పారి మళ్లీ నదిలోకి చేరే నీటిని కూడా కొంత లెక్కలోకి తీసుకొన్నారు. అంతకు మించి వచ్చే మిగులు జలాలను వాడుకొనే వెసులుబాటు దిగువ రాష్ట్రమైన ఆంధ్రప్రదేశ్‌కు ఇచ్చినా, దాన్ని హక్కుగా మాత్రం గుర్తించలేదు.

ఈ అంకెల వెనుక ఉన్న సూత్రాలను పరిశీలిస్తే పంపకంలోని ధర్మసందేహాలన్నీ అక్కడే కనబడతాయి. 1960 నాటికే వాడుకలో ఉన్న ప్రాజెక్టులకు ట్రిబ్యునల్ రక్షణ కల్పించింది. 1850లలో బెజవాడ దగ్గర ఆనకట్ట కట్టిన నాటి నుంచి సాగులో ఉన్న కృష్ణా డెల్టా ఈ సూత్రం వల్లనే నిశ్చింతగా నిలిచింది. తరతరాలుగా ఒక నీటి మీద ఆధారపడి బతుకుతున్న కుటుంబాలను ఒక్క కలంపోటుతో రోడ్డున పడేయకూడదన్న భావన ఇందులో ఉంది. కాని కాలువలు తవ్వే అవకాశం ముందుగా దొరికిన ప్రాంతానికి నీరు స్థిరపడిపోయి, ఆ అవకాశం ఆలస్యంగా వచ్చిన మెట్ట ప్రాంతం శాశ్వతంగా వెనకబడిపోయే ప్రమాదం కూడా అదే సూత్రంలో ఇమిడి ఉంది. పడమటి కనుమల ఆవలి వైపుకు నీటిని మళ్లించి కరెంటు తీయడం కంటే నదీ లోయలో పొలాలకు ఇవ్వడమే ముఖ్యమని భావించి, ట్రిబ్యునల్ ఆ మళ్లింపునకు పరిమితి విధించింది. ఈ నిర్ణయాల్లో ఏదీ గణితం నుంచి దానంతటదే వచ్చినది కాదు. ప్రతిదానిలోనూ ఒక విలువల ఎంపిక ఉంది.

ఆ ఎంపికలు దాదాపు మూడు దశాబ్దాల తరవాత మళ్లీ చర్చకు వచ్చాయి. జస్టిస్ బ్రిజేష్ కుమార్ అధ్యక్షతన 2004లో ఏర్పడిన రెండో ట్రిబ్యునల్ 2010లోనూ 2013లోనూ నివేదికలు ఇచ్చింది. 2014లో ఆంధ్రప్రదేశ్ రెండుగా విడిపోయిన పిమ్మట, నదిలోకి తిరిగి చేరే నీటితో కలిపి ఉమ్మడి రాష్ట్రపు వాటా అయిన 811 టీఎంసీలను తాత్కాలిక ఏర్పాటుగా ఆంధ్రప్రదేశ్‌కు 512, తెలంగాణకు 299 చొప్పున వాడుకోవడానికి 2015లో అవగాహన కుదిరింది. ఉమ్మడి రాష్ట్రంలోని నదీ పరీవాహక ప్రాంతంలో అధిక భాగం తమ వైపే ఉంది గనుక, దశాబ్దాలుగా మెట్టగా మిగిలిపోయిన జిల్లాలకు న్యాయమైన వాటా దక్కాలన్నది తెలంగాణ వాదన. ఏళ్ల తరబడి సాగులో ఉన్న ఆయకట్టును ఎండబెట్టే పంపకం న్యాయం కాజాలదన్నది ఆంధ్రప్రదేశ్ వాదన. ఇవి రెండూ మొండి పట్టుదలలని కొట్టిపారేయడానికి వీల్లేదు. ఒకటి అవసరాన్నీ పరీవాహక ప్రాంతాన్నీ ప్రమాణంగా తీసుకొంటే, రెండోది అనుభవాన్ని, అంటే చాలాకాలంగా సాగుతున్న వాడుకను, ప్రమాణంగా తీసుకొంటుంది. ప్రపంచంలో వనరుల తగాదాలు అధికభాగం ఈ రెండు ప్రమాణాల మధ్యనే నడుస్తాయి.

రాష్ట్రాల మధ్య వాటాలు తేలాక కాలువ మీద రెండో పంపకం మొదలవుతుంది. పెద్ద ప్రాజెక్టుల కింద ఏ భూమికి వరి నీరు, ఏ భూమికి ఆరుతడి నీరు ఇవ్వాలో ప్రభుత్వం ముందే నిర్ణయించి పట్టికలు తయారుచేస్తుంది. కాగితం మీద ఈ పంపకం సమంగానే ఉంటుంది. కాని కాలువ మొదట్లో ఉన్న రైతుకు నీరు కంటి ముందే పారుతుంటుంది. ఆరుతడికి కేటాయించిన పొలంలో వరి నాటినా అడ్డుకొనే నాథుడు ఉండడు. నీటి తీరువా కూడా వాడిన నీటిని కొలిచి కాకుండా ఎకరాల లెక్కన వేసేది గనుక, ఎక్కువ నీరు పెట్టుకోవడం వల్ల ఆయనకు అదనంగా ఖర్చు పడదు. ఫలితంగా పై తూముల కింద మడులు నిండి పొర్లుతుంటే, శివారు భూముల్లో పొట్టదశకు వచ్చిన పైరు ఒక్క తడి అందక తాలుపోతుంది. అమలు చేసే మార్గం లేని కేటాయింపు చివరికి భౌగోళిక స్థానాన్ని బట్టి జరిగే కేటాయింపుగా మారిపోతుందని ప్రతి పెద్ద కాలువా రుజువు చేస్తుంది.

ఈ స్థితిలో గ్రామాలు చేతులు ముడుచుకొని కూర్చోలేదు. రాబర్ట్ వేడ్ అనే ఆర్థికవేత్త కర్నూలు ప్రాంతపు గ్రామాలను పరిశీలించి 1988లో ‘విలేజ్ రిపబ్లిక్స్’ అనే గ్రంథం ప్రచురించారు. కొన్ని గ్రామాలు పై అధికారుల ప్రమేయం లేకుండానే తమలో తాము ఒక మండలిని ఏర్పాటు చేసుకొని, గొర్రెల మందలను పొలాల్లో నిలిపే హక్కును వేలం వేయడం వంటి మార్గాల్లో ఊరుమ్మడి నిధిని కూడబెట్టి, ఆ నిధిలోంచి జీతాలిచ్చి పైరు కాపలాదారులనూ, పొలాలకు వంతుల ప్రకారం నీరు పెట్టే ఉమ్మడి పనివాళ్లనూ నియమించుకొన్నాయని ఆయన గమనించారు. ఇలాంటి కట్టుబాటు నీరు సమృద్ధిగా దొరికే ఎగువ గ్రామాల్లో కంటే, నీటి రాక నమ్మకం లేని కాలువ చివరి గ్రామాల్లోనే ఎక్కువగా కనబడిందన్నది ఆయన తేల్చిన ముఖ్యాంశం. ఒకే కులమో ఒకే పార్టీయో అయినందువల్ల ఆ గ్రామాలు కలవలేదు. విడిగా ఉంటే పంట దక్కదన్న ఎరుక వల్ల కలిశాయి.

తెలంగాణ చెరువుల కింద ఇంతకంటే పాతదైన ఒక ఏర్పాటు ఉంది. దాన్ని ‘తైబందీ’ అంటారు. వానాకాలపు పంట చేతికొచ్చాక, యాసంగి నాట్లకు ముందు, ఆయకట్టు రైతులు ఒకచోట కూడి చెరువులో మిగిలిన నీటిని అంచనా వేస్తారు. ఆ నీరు ఆయకట్టు మొత్తానికి చాలదని తేలితే, అది ఎంత విస్తీర్ణాన్ని పంట చివరిదాకా ఆదుకోగలదో నిర్ణయించి, ఎకరాకు ఇన్ని గుంటలని ప్రతి ఒక్కరికీ హద్దు పెట్టుకొంటారు. ఆ మీదట తూము ఎత్తడం, దించడం, మడి మడికీ నీరు పారించడం నీరటి చేతిలో ఉంటుంది. ప్రాంతాన్ని బట్టి నీరటి అనీ నీరుగంటి అనీ పిలిచే ఈ మనిషికి పంటలోంచి గింజలు కొలవడమో, ఇనాం భూమి ఇవ్వడమో ఆనవాయితీ. రైతు తన పొలానికి తాను నీరు పెట్టుకోకుండా, అందరికీ బాధ్యుడైన మూడో మనిషికి ఆ పని అప్పగించడంలోనే ఈ ఏర్పాటులోని మెలకువ ఉంది. నీరు పారించే చేతికి సొంత పొలం మీద మమకారం అడ్డురాకూడదన్నది దాని ఉద్దేశం. శ్రీలంక చెరువుల కింద కూడా ‘బెత్మ’ అనే పద్ధతి ఉంది. నీరు తగ్గిన ఏడు చెరువుకు దగ్గరగా ఉన్న భూమిని మాత్రమే సాగుచేస్తూ, దూరపు రైతులకు సైతం ఆ భూమిలో తాత్కాలికంగా వాటా ఇస్తారు.

తైబందీలో జరిగే పనిని శాస్త్ర పరిభాషలో చెప్పుకొంటే మూడు అంశాలు తేలుతాయి. నీటిని ముందుగా కొలిచారు; విత్తనం చల్లకముందే నిర్ణయాన్ని అందరికీ తెలియజేశారు; నష్టాన్ని ఒక్కరి నెత్తిన వేయకుండా అందరికీ వాటాల ప్రకారం పంచారు. ఉమ్మడి వనరు ఎవరి సొత్తూ కాదు గనుక అందరూ కలిసి దాన్ని నాశనం చేస్తారన్న అభిప్రాయం ఒకనాడు విద్వాంసుల్లో బలంగా ఉండేది. అమెరికాకు చెందిన ఎలినార్ ఆస్ట్రమ్ పలు దేశాల్లోని కాలువల, అడవుల, చేపల రేవుల అనుభవాలను క్రోడీకరించి, వాడుకొనేవారే నియమాలు చేసుకొని, కాపలా పెట్టుకొని, తప్పు చేసినవారికి తప్పు తీవ్రతను బట్టి జరిమానా వేసుకొనే చోట ఉమ్మడి వనరులు తరతరాలు నిలుస్తాయని 1990లో ప్రచురించిన గ్రంథంలో నిరూపించారు. స్పెయిన్‌లోని వలెన్సియా నగరంలో ప్రతి గురువారం మధ్యాహ్నం కేథడ్రల్ గుమ్మం ముందు బహిరంగంగా కొలువుదీరే రైతుల నీటి న్యాయస్థానం నేటికీ నడవడం ఇందుకు నిదర్శనం. 2009లో ఆస్ట్రమ్ అర్థశాస్త్రంలో నోబెల్ బహుమతి అందుకొన్న తొలి మహిళ అయ్యారు.

ఇక ధర ద్వారా జరిగే పంపకాన్ని చూడాలి. బతకడానికి అత్యవసరమైన నీటికి ధర దాదాపు లేకపోవడం, అలంకారానికి తప్ప పనికిరాని వజ్రానికి అంత ధర ఉండటం ఆడమ్ స్మిత్ 1776లోనే ప్రస్తావించిన చిక్కుముడి. వస్తువు మొత్తం వల్ల కలిగే మేలును బట్టి కాకుండా, అదనంగా దొరికే చివరి ప్రమాణం వల్ల కలిగే మేలును బట్టి ధర ఏర్పడుతుందని తరవాతి కాలపు శాస్త్రజ్ఞులు దీనికి సమాధానం చెప్పారు. ఈ మేలునే ‘ఉపాంత ప్రయోజనం’ అంటారు. మండువేసవిలో ట్యాంకరు నీటి ధర ఆకాశాన్ని అంటడం ఈ సూత్రం ప్రకారమే జరుగుతుంది. ధరకు ఒక నిజమైన శక్తి ఉంది: వృథాను అది ఏ ఇన్‌స్పెక్టరూ లేకుండానే తగ్గిస్తుంది. ఆస్ట్రేలియాలోని మరే–డార్లింగ్ నదీ ప్రాంతంలో 1995లో వాడకానికి పరిమితి విధించి, ఆ లోపల నీటి హక్కులను కొనడానికీ అమ్మడానికీ వీలు కల్పించారు. అక్కడ సుదీర్ఘమైన కరువు వచ్చినప్పుడు వరి రైతులు తమ నీటిని పండ్లతోటల వారికి అమ్ముకొన్నారు. 2007–08లో వరి సాగు దాదాపు ఆగిపోయినా, చెట్లు చావకుండా నిలబడ్డాయి, వరి రైతుకూ కొంత రాబడి దక్కింది.

అదే సూత్రం చిలీలో మరో ఫలితాన్నిచ్చింది. 1981 నాటి జల చట్టం నీటి హక్కును భూమి నుంచి విడదీసి, స్వేచ్ఛగా అమ్ముకోదగిన ఆస్తిగా మార్చింది. కాలక్రమంలో పెటోర్కా వంటి లోయల్లో ఎగుమతి కోసం పెంచే అవకాడో తోటలు పచ్చగా ఉండగా, చుట్టుపక్కల కుటుంబాలు తాగునీటికి ట్యాంకర్ల మీద ఆధారపడవలసి వచ్చింది. చివరికి 2022లో చట్టాన్ని సవరించి మనుషుల తాగునీటికి ప్రథమ స్థానం ఇచ్చారు. ధర ఎంత కోరుకొంటున్నారన్న సంగతితో పాటు ఎంత చెల్లించగలరన్న సంగతిని కూడా కలిపి కొలుస్తుంది. ఈ రెంటినీ అది వేరు చేయలేదు. కూలి కుటుంబపు దాహం తోట యజమాని అవసరం కంటే చిన్నదై బజారులో ఓడిపోలేదు. చేతిలో డబ్బు లేక ఓడిపోయింది. అందుకే భారత జాతీయ జల విధానం 1987 నుంచీ తాగునీటికి అగ్రస్థానం ఇస్తూ వచ్చింది. మద్రాసు దాహం తీర్చడానికి కృష్ణా రాష్ట్రాలు మూడూ తలా 5 టీఎంసీలు విడిచిపెట్టడానికి 1976లో అంగీకరించి, తెలుగుగంగ ప్రాజెక్టుకు దారి వేసింది కూడా ఈ ధర్మాన్ని మన్నించే.

ప్రభుత్వ ఆజ్ఞ ఒక్కటే ధరకు ప్రత్యామ్నాయమని అనుకొంటే ఆరల్ సముద్రపు చరిత్ర హెచ్చరిస్తుంది. సోవియట్ ప్రణాళికాకర్తలు అము దర్యా, సిర్ దర్యా నదుల నీటిని పత్తి పొలాలకు మళ్లించారు. పత్తి దిగుబడి లక్ష్యాలను సాధించడమే అధికారుల పనితనానికి గీటురాయి అయినందున, నది చివర ఉన్న మత్స్యకారుల జీవనోపాధి ఏ లెక్కలోనూ చేరలేదు. 1960లో ప్రపంచంలో నాలుగో పెద్ద సరస్సుగా ఉన్న ఆరల్ అర్ధ శతాబ్దం తిరిగేసరికి దాదాపు పదో వంతుకు కుంచించుకుపోయింది. లెక్కలోకి రానివారి నష్టం బజారులోనూ కనబడదు, ప్రణాళికలోనూ కనబడదు.

పంపక నియమమే లేని చోట జరిగేదానికి రాయలసీమ, తెలంగాణ మెట్టల్లోని బోరుబావులు సాక్ష్యం. తన భూమి కింద చేరిన నీటిని తోడుకోవడం భూ యజమాని హక్కుగా 1882 నాటి భారత ఈజ్‌మెంట్ల చట్టం కాలం నుంచీ చెలామణీ అవుతోంది. కాని భూగర్భంలో గట్టు హద్దులు లేవు. ఒకరు లోతుగా వేసిన బోరు పక్కవారి బోరును ఎండబెడుతుంది. నల్లరాతి పొరల్లో నీటి నిల్వే స్వల్పం. 2004లో మొదలైన వ్యవసాయ ఉచిత విద్యుత్తు, అప్పుల్లో మునిగిన మెట్ట రైతుకు కాలువ రైతుతో సమానంగా ఊరట కలిగించింది. అయితే తోడిన ప్రతి అదనపు గంటకూ ఖర్చు లేకపోవడంతో పోటీ లోతుకు దిగింది. ఈ పోటీలో వందల అడుగుల కిందికి మళ్లీ మళ్లీ బోరు వేయగల స్తోమత ఉన్నవారు గెలుస్తారు, అప్పు చేసి వేసిన బోరు విఫలమైన చిన్న రైతు భూమినే పోగొట్టుకొంటాడు. 2002లో వచ్చిన నీరు, భూమి, చెట్ల పరిరక్షణ చట్టం, అంటే వాల్టా, అనుమతులూ దూరాలూ నిర్దేశించినా, ఎక్కడికక్కడ చెల్లాచెదురుగా ఉన్న లక్షల బోర్ల మీద నిఘా ఉంచడం ఏ కార్యాలయానికీ తేలిక కాదు. 2003 నుంచి కరువు జిల్లాల్లో నడిచిన రైతుల భాగస్వామ్య భూగర్భజల పథకం వేరే దారి చూపింది. అందులో రైతులే వాన కొలిచారు, బావుల నీటిమట్టం నమోదు చేశారు, యాసంగికి ముందు ఊరి నీటి జమాఖర్చు వేసి ఏ పైరు ఎంత వేయాలో చర్చించుకొన్నారు. ఆజ్ఞ గాని జరిమానా గాని లేకపోయినా, లెక్క కళ్లకు కట్టడంతో ఎందరో తక్కువ నీటి పైర్ల వైపు మొగ్గారు.

ఈ అనుభవాలన్నీ కలిపి చూస్తే, ఏదో ఒక పద్ధతిని ఎంచుకొని అన్నిటికీ దాన్నే ప్రయోగించాలన్న వాదం నిలవదని స్పష్టమవుతుంది. తాగునీటిని ధరకు వదలకుండా హక్కుగా ఉంచడం, మిగిలిన నీటిని రాష్ట్రాల మధ్య చట్టబద్ధమైన వాటాలుగా పంచడం, కాలువ మీదా చెరువు కిందా వాడుకొనేవారి కట్టుబాటుకు అధికారం ఇవ్వడం, వృథాను అరికట్టే మేరకు ధరను ఉపయోగించుకోవడం – ఇవి ఒకదానికొకటి పోటీ కావు, ఒకదాని లోపాన్ని మరొకటి పూడ్చగలవు. ఆంధ్రప్రదేశ్ 1997లో చట్టం చేసి పది వేలకు పైగా సాగునీటి వినియోగదారుల సంఘాలకు ఎన్నికలు జరిపినప్పుడు ఈ దిశలోనే పెద్ద అడుగు వేసింది. ఆ సంఘాలకు క్రమం తప్పని ఎన్నికలూ, నిధులూ, నీటిని కొలిచే సాధనాలూ అందినప్పుడే చట్టం ఉద్దేశం నెరవేరుతుంది.

ఏ పంపకమైనా న్యాయమైనదో కాదో తేల్చుకోవడానికి మూడు ప్రశ్నలు చాలు. ఉన్నది ఎంతో కొలిచారా, ఆ కొలత అందరికీ తెలిసిందా? ఎవరి వంతు ఎంతో సాగు మొదలు కాకముందే చెప్పారా? అందనివారికి తమ మాట వినిపించుకొనే చోటు ఉందా? ప్రతి జలాశయపు మట్టం, ప్రతి కాలువకు వదిలే నీరు, ప్రతి పెద్ద ఉపకాలువ కింద సాగయ్యే విస్తీర్ణం నాట్లకు ముందే గ్రామ సభలో చదివి వినిపించడం ప్రభుత్వాలకు అసాధ్యమైన పనేమీ కాదు. విన్న దానిని నిలదీసి, శివారు రైతును ముందు వరసలో కూర్చోబెట్టి వంతులు తేల్చుకోవడం గ్రామాలకూ కొత్త కాదు. వానను తెప్పించడం ఏ సమాజం చేతిలోనూ లేదు గాని, కురిసినదాన్ని లెక్కతో, ముందుచూపుతో, అందరి ఎదుటా పంచుకోవడం ప్రతి సమాజం చేతిలోనూ ఉంది, ఆ బాధ్యత నుంచి ఏ సమాజమూ తప్పించుకోజాలదు.